ఇస్త్రీ గదికి అమ్మిన మైకు

2014వ సంవత్సరం. కువైట్ సిటీలో మిర్కాబ్. పైన ఆఫీసులు, కింద వరసగా దుకాణాలు. వాటిలో కెమెరాలు, లైట్లు, సౌండు సామాను అమ్మే ఒక షాపులో నేను అప్పటికి తొమ్మిదేళ్లుగా సేల్స్‌మన్‌ని. పేరు ఓబులేసు, మాది రాజంపేట దగ్గర పల్లె. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేశాను కాబట్టి మైకులు, మిక్సర్ల బీరువా నా చేతి కింద ఉండేది.

మీ వృత్తిలో మరిచిపోలేని ఒక సంగతి రాయమని ఈ పత్రికవాళ్లు అడిగినప్పుడే చెప్పాను, నాకు గుర్తున్నది ఒక్కటే, అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, పద్ధతిగా రాయలేను అని. కోపంగానే రాయండి అన్నారు. సరే, రాస్తున్నాను. తర్వాత నన్ను అనకండి.

ముందు మా సరుకు గురించి నాలుగు ముక్కలు. ఆ రోజుల్లో ఇంట్లో కూర్చుని పాడ్‌కాస్ట్ చేసేవాళ్లు అప్పుడప్పుడే మొదలవుతున్నారు. పాడ్‌కాస్ట్ అంటే మన ఇష్టమైన విషయం మాట్లాడి, రికార్డు చేసి, నెట్‌లో పెట్టడం. వినేవాళ్లు తీరికున్నప్పుడు వింటారు. దానికి పెద్ద స్టూడియో అక్కర్లేదు, ఒక యూఎస్‌బీ మైకు చాలు. వైరు తీసి ల్యాప్‌టాప్‌కు గుచ్చితే పనిచేస్తుంది. అయితే అందులో రెండు జాతులున్నాయి. ఒకటి కండెన్సర్. దాని చెవి చాలా పదును. చీమ నడిచినా వింటుంది. ఒంటరి గదిలో, తలుపులు వేసుకుని, ఏసీ ఆపుకుని మాట్లాడేవాడికి అది బంగారం. రెండోది డైనమిక్. అది కాస్త మొద్దు. నోటికి బెత్తెడు దూరంలో పెట్టుకుని మాట్లాడితేనే పలుకుతుంది, పక్క గది గోల పెద్దగా పట్టించుకోదు. పిల్లలు, కుక్కర్లు, మిక్సీలు ఉండే మనబోటి ఇళ్లకు కావలసింది ఆ మొద్దుదే.

మైకు కొనడానికి వచ్చేవాళ్లందరూ మైకు గురించే అడుగుతారు. అడగాల్సింది గది గురించి. ఎక్కడ కూర్చుంటారు, పక్కన ఏం మోగుతుంది, ఆ ఇంట్లో ఇంకెవరుంటారు? ఈ మూడు ప్రశ్నలు అడగడం అమ్మేవాడి పని. ఆ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసి కూడా చేసిన నిర్వాకం ఇది.

ఒక శుక్రవారం మధ్యాహ్నం షాపులోకి ఒకావిడ వచ్చింది. నలభై అయిదేళ్లుంటాయి. చేతిలో నల్ల అట్ట బైబిలు, దాని మీద మడిచిన ఓణీ. ఇక్కడ చర్చిల్లో ఆరాధన శుక్రవారమే. అటునుంచి అటే వచ్చినట్టుంది. లోపలికి రాగానే, "ఏవండీ, తెలుగువాళ్లేనా? మైకులుంటాయాండి?" అంది. ఆ 'అండి' వినగానే గోదావరి వైపు అని తెలిసిపోయింది. రాజోలు దగ్గర అని తర్వాత చెప్పింది. పేరు మార్తమ్మ. మిష్రిఫ్‌లో ఒక కువైటీ కుటుంబం విల్లాలో పదకొండేళ్లుగా పని.

"మైకు ఎందుక్కా? చర్చిలోకా?" అన్నాను.

"కాదు తమ్ముడూ. నేను పాఠాలు చెప్తానండి. అరబ్బీ పాఠాలు."

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

"నవ్వకు తమ్ముడూ. ఊరినించి కొత్తగా ఆడాళ్లు దిగుతారు కదా. మామా ఏమంటందో తెలీదు. చీపురు తెమ్మంటే చెంబు తెత్తారు. తిట్లు తింటారు. నేనొచ్చిన కొత్తలో ఆర్నెల్లు ఏడ్చాను. అందుకని వారానికో మాట చెప్తన్నాను. పది నిమిషాలు. ఫోన్లో చెప్పి నెట్‌లో పెడతన్నాను. మా చర్చి పిల్లలు పెట్టడం నేర్పించారు."

మామా అంటే ఇక్కడ ఇంటి యజమానురాలు. పనిచేసే మనవాళ్లందరూ అలాగే పిలుస్తారు. మార్తమ్మ పాఠాలు అప్పటికి ముప్పై తొమ్మిది అయ్యాయట. వినేవాళ్లంతా విల్లాల్లో పనిచేసే ఆడవాళ్లే. తలగుడ్డ కింద ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, గిన్నెలు కడుక్కుంటూ వింటారు. ఫోనులో రికార్డు చేసిన గొంతు నీళ్ల చప్పుడులో కలిసిపోతోందని, అక్షరం తెలియడం లేదని వాళ్లు చెబుతున్నారు. అరబ్బీలో గొంతులోంచి పలికే అక్షరాలు ఉంటాయి, అవి స్పష్టంగా వినపడకపోతే పాఠం దండగ. ఆ ఇంటి అమ్మాయి వాడి పడేసిన ల్యాప్‌టాప్ ఒకటి ఈవిడకు ఇచ్చింది. దానికి మంచి మైకు కావాలి.

"ఎక్కడ కూర్చుని చెప్తావక్కా?" అడిగాను. చూశారా, మొదటి ప్రశ్న సరిగ్గానే అడిగాను.

"ఇస్త్రీ గదిలో. పక్కన వాషింగ్ మెషీన్ తిరుగుతుంటది. ఈ పక్క గోడకి అవతల హాలు. మామా కూర్చునేది అక్కడే. మధ్యాన్నం బట్టలు ఇస్త్రీ చేసే టైములో చెప్తాను. అప్పుడు నా దగ్గరికి ఎవరూ రారు."

ఇంకేం కావాలి? గది తెలిసింది, చప్పుడు తెలిసింది, మనుషులు తెలిశారు. చుట్టూ మడతపెట్టిన బట్టలు ఉంటాయి కాబట్టి గొంతు గోడలకు కొట్టుకుని ప్రతిధ్వని రాదు, అది మంచిదే. కానీ మెషీన్ ఉంది, అవతల హాలు ఉంది. డైనమిక్ తప్ప మరొకటి ఇవ్వకూడదు. బీరువాలో ఒకటే ఒక యూఎస్‌బీ డైనమిక్ ఉంది. చూడటానికి నల్లగా, బోసిగా, పాత టార్చిలైటులా ఉంటుంది. దాని మీద చెయ్యి వేశాను.

అప్పుడు దిగాడు మా మేనేజరు సుధాకర్. వాడూ తెలుగువాడే, అదే నా కడుపు మంట. ఆ నెల వాడు కండెన్సర్ మైకులు అవసరానికి మించి తెప్పించాడు. వెండి రంగు, నీలం లైటు, బల్ల మీద నిలబడే స్టాండు. అవి కదలడం లేదు. నెలాఖరులోపు అన్నీ పోవాలని మా అందరి ప్రాణాలు తోడుతున్నాడు.

"ఓబులేసూ, అమ్మగారికి ఆ పాతది చూపిస్తావేందయ్యా? మంచిది చూపించు," అంటూ కండెన్సర్ తీసి కంప్యూటర్‌కు తగిలించాడు. మార్తమ్మ చెవులకు హెడ్‌ఫోన్ పెట్టాడు. "వినండమ్మా, ఎంత క్లియరో."

మార్తమ్మ కళ్లు పెద్దవయ్యాయి. "అయ్యబాబోయ్! రోడ్డు మీద కారు హారను వినపడతందండి. అదిగో, ఆ మూల ఆయన కాగితం చింపిందీ వినపడతంది!"

"అదే మరి! ఇంత బాగా వినే మైకు ఇంకోటి లేదు," అన్నాడు వాడు.

అక్కడే ఉంది మోసం. పాట రికార్డు చేసేవాడికి గొప్పదనం అయినది ఆవిడకు ప్రమాదం. అంత బాగా వినకూడదు, ఆవిడకు కావలసింది అంత బాగా వినని మైకు. నేను, "అక్కా, నీ గదికి ఇది..." అని ఎత్తుకున్నాను. సుధాకర్ నా వైపు ఒక చూపు చూసి, "ఓబులేసూ, లోపల ట్రైపాడ్లు పడిపోయున్నాయి, సర్దుపో," అన్నాడు.

నేను పోయాను. అంతే, మరేం లేదు. వాడు నన్ను కొట్టలేదు, ఉద్యోగం తీసేస్తాననలేదు. నా ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండటానికి ఇచ్చే అనుమతి కార్డు, ఆ షాపు మీద ఉంది, వీడు దానికి పూచీ ఉన్న కఫీల్ చెవిలో ఏదో ఊదితే నా కాగితాలు ఇబ్బందవుతాయి అని నాకు నేనే భయం చెప్పుకుని, బెల్లం కొట్టిన రాయిలా తలదించుకుని లోపలికి పోయాను. ట్రైపాడ్లు చక్కగా నిలబడే ఉన్నాయి. ఒక్కటీ పడిపోలేదు.

బయటికి వచ్చేసరికి ఆవిడ డబ్బా పట్టుకుని తలుపు దగ్గరుంది. కాగితం ముక్క మీద తన పాఠాలు ఎక్కడ దొరుకుతాయో రాసి నాకిచ్చింది. "నువ్వూ విని ఎలాగుందో చెప్పు తమ్ముడూ," అంది. ఆ మైకుకు ముందు ఏది, వెనక ఏది, నోరు ఎటు పెట్టాలి, ఒక్కటీ ఎవరూ చెప్పలేదు. సుధాకర్‌కు అసలు తెలియదు. నాకు తెలుసు, నేను నోరు విప్పలేదు.

ఆ మైకుతో చేసిన మొదటి మూడు పాఠాలు నేను వినలేదు. వినాలంటే మొహం చెల్లలేదు, నిజం చెబుతున్నాను. నాలుగోది, అంటే మొత్తం మీద నలభై మూడోది, ఒక ఆదివారం ఉదయం షాపు తెరవకముందు హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాను. మార్తమ్మ గొంతు నూతిలోంచి వస్తున్నట్టుంది. వెనక వాషింగ్ మెషీన్ గిరగిర. వీటన్నిటికీ పైన, గోడకు అవతల నుంచి ఒక ఆడమనిషి ఫోనులో మాట్లాడుతున్న అరబ్బీ. ప్రతి మాటా తెలుస్తోంది. తన చెల్లెలి కొడుకు పెళ్లి సంబంధం గురించి. చెల్లెలి అత్తవారు పిసినారులని, ఆ సంబంధం నిలబడదని, పిల్లవాడికి బుద్ధి లేదని. పేర్లతో సహా.

నా అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంట్లో మామా మాట్లాడుకునే మాటలు లోకానికి వినిపించడం ఈ దేశంలో చిన్న విషయం కాదు. పోలీసు, కేసు, విమానం ఎక్కించడం దాకా పోతుంది. మార్తమ్మకు తెలియదా అంటారేమో. తెలియదు. ల్యాప్‌టాప్‌కు ఉన్న బుల్లి స్పీకరులో మొదటి నాలుగు మాటలు విని, సరే అనుకుని పెట్టేస్తుంది. పైగా పదకొండేళ్లుగా రోజంతా వింటున్న గొంతు అది. ఆవిడ చెవికి ఏసీ మోత ఎంతో ఆ గొంతూ అంతే.

వారంటీ కార్డు వెతికి, నంబరు తీసి ఫోను చేశాను. ఎత్తలేదు. మళ్లీ మళ్లీ చేశాను. మధ్యాహ్నం తనే చేసింది.

"అక్కా, యాడుండావు? పక్కన ఎవురన్నా ఉండారా?"

"ఇస్త్రీ గదిలో. ఏంటి తమ్ముడూ, ఆయాసపడతన్నావు?"

"చెప్తా ఇను. ఆ కొత్త మైకుతో చేసినవన్నీ ఇప్పుడే తీసెయ్యి. నీ ఎనక మీ మామా మాటలు పడినాయి. అంతా ఇనపడతాండాది."

"యేసయ్యా," అంది మెల్లగా. ఎలా తీయాలో ఫోనులో ఒక్కొక్క మెట్టూ చెప్పాను. పాతవి ముప్పై తొమ్మిది ఉంచి, కొత్త నాలుగూ తీసేసింది. ఇద్దరం ఊపిరి పీల్చుకున్నాం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అని రెండు రోజుల్లో తెలిసింది.

ఇక్కడి సంగతి తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. ఒక ఇంట్లో పనిమనిషి నమ్మకంగా ఉంటే, ఆ ఇంటావిడ అక్కచెల్లెళ్లు కూడా ఆ ఊరినుంచే మనుషులను తెప్పించుకుంటారు. మార్తమ్మ అలాగే తన ఊరినుంచి ఒక పిల్లను మామా చెల్లెలి ఇంటికి తెచ్చింది. ఆ పిల్ల మార్తమ్మ పాఠాలకు మొదటి శిష్యురాలు. నేను విన్నదానికి ముందురోజే, శనివారం, వంటింట్లో చేతులు తడిగా ఉన్నాయని ఇయర్‌ఫోన్ తీసేసి, ఫోను కిటికీలో పెట్టి, స్పీకరులో విన్నది. సరిగ్గా అప్పుడే టీ కోసం చెల్లెలు వంటింట్లోకి వచ్చింది. తన అక్క గొంతు తన ఇంటి కిటికీలోంచి తన కొడుకును తిట్టడం నిలబడి ఆసాంతం వింది.

మంగళవారం పదకొండు గంటలకు మా షాపు తలుపు తోసుకుని నల్ల అబాయాలో ఒకావిడ వచ్చింది. వెనక ల్యాప్‌టాప్ పట్టుకుని మార్తమ్మ. ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయి ఉంది. ఆ మామా సంచిలోంచి మైకు తీసి కౌంటరు మీద ధడేల్మని పెట్టింది.

"షిను హాదా?" అంది. ఏమిటిది అని. "ఇది మీరు అమ్మిందేనా? ఇది గోడ అవతల మాటలు వినే యంత్రమా? ఈమె జాసూసా? నా ఇంట్లో పదకొండేళ్లు తిండి తిని నా మాటలు దొంగిలించిందా? ముందు మీరు చెప్పండి, తర్వాత పోలీసుల దగ్గరికి పోతాను."

జాసూసా అంటే గూఢచారి. ఆ మాట విన్నప్పుడల్లా మార్తమ్మ చేతులు జోడిస్తోంది.

సుధాకర్ పరుగున వచ్చాడు. షాపు మీద కంప్లయింటు వస్తుందని వాడికి చెమటలు పట్టాయి. వంగి వంగి అరబ్బీలో ఏమన్నాడో తెలుసా? "మదామ్, మా తప్పేమీ లేదు. దూరం మాటలు బాగా వినపడే మైకు కావాలని ఈమే అడిగింది. అడిగిందే ఇచ్చాం."

మైకు అంటగట్టినవాడు వాడు. హెడ్‌ఫోన్ పెట్టి మురిపించినవాడు వాడు. ఇప్పుడు నోరు లేని మనిషిని జైలుకు తోస్తున్నాడు. మార్తమ్మకు అరబ్బీ వచ్చు కదా, ఆ మాట అర్థమైంది. వాడి వైపు కాదు, నా వైపు చూసింది.

"అబద్ధం!" అన్నాను అరబ్బీలోనే. షాపులో ఉన్న గిరాకీలంతా తిరిగి చూసేంత గట్టిగా. "మదామ్, వీడు చెప్పింది అబద్ధం. ఈమె అడిగింది తన గొంతు బాగా వినపడే మైకు. మేం ఇచ్చింది తప్పుడు మైకు. తెలిసే ఇచ్చాం. నేను ఇక్కడే ఉన్నాను."

"ఒరేయ్ ఓబులేసూ, గమ్మునుండు!" అని సుధాకర్ తెలుగులో బుసకొట్టాడు.

"నువ్వు గమ్మునుండు! ఆపొద్దు గమ్మునుండే ఇంతదాకా వచ్చింది!" అన్నాను.

మామా మమ్మల్ని ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "రుజువు చూపించు," అంది నాతో.

మైకు మార్తమ్మ ల్యాప్‌టాప్‌కు తగిలించాను. ల్యాప్‌టాప్‌లో గొంతు ఎంత పెద్దగా పడుతోందో చూపే ఆకుపచ్చ గీత ఒకటి ఉంటుంది, అది తెర మీద పెట్టి ఆమె వైపు తిప్పాను. "అక్కా, ఇంట్లో ఎట్ల పట్టుకోని చెప్తావో అట్లనే చెప్పు," అన్నాను.

మార్తమ్మ మైకును స్టాండుతో సహా చేతిలోకి తీసుకుంది. తల వైపు, ఆ గుండ్రటి పైభాగం, నోటికి ఎదురుగా పెట్టుకుంది. చర్చిలో సాక్ష్యం చెప్పేటప్పుడు పట్టుకున్నట్టు. చిన్నప్పటినుంచి ఆవిడ ఎరిగిన మైకు అదొక్కటే. ఆ మైకుల్లో తలలోకే మాట్లాడాలి. కానీ ఈ కండెన్సర్‌కు ముందు భాగం తల కాదు, పక్క. నిలబెట్టి, దాని పొట్టకు ఎదురుగా మాట్లాడాలి. తలలోకి మాట్లాడితే దానికి సరిగ్గా వినపడదు. "అందరికీ వందనాలమ్మా," అంది మార్తమ్మ. ఆకుపచ్చ గీత కొంచెం కదిలి ఊరుకుంది.

"చూశారా మదామ్? ఈమె గొంతే పడటం లేదు. పడటం లేదని ఈమె ఏం చేసిందో చూడండి." మైకు కింద గెయిన్ అనే గుండీ ఉంటుంది. మైకు చెవి ఎంత పదునుగా ఉండాలో అది నిర్ణయిస్తుంది. మార్తమ్మ దాన్ని చివరంటా తిప్పి, అక్కడే ఉండాలని గుర్తుగా ఎర్ర గోళ్లరంగుతో చుక్క పెట్టుకుంది. "గొంతు వినపడటం లేదని ఇది పెంచింది. ఇది పెంచితే గది అంతా వినపడుతుంది, గోడ అవతల కూడా. మైకు పొట్ట హాలు గోడ వైపు తిరిగిందని ఈమెకు తెలియదు. గూఢచారి అయితే తన గొంతు పడాలని ఇంత తిప్పలు పడుతుందా?"

మైకును బల్ల మీద నిలబెట్టి, పొట్ట మార్తమ్మ వైపు తిప్పి, గెయిన్ సగానికి తగ్గించాను. "ఇప్పుడు చెప్పక్కా." "అందరికీ వందనాలమ్మా." గీత ఒక్కసారిగా నిండుగా లేచింది.

మామా ఆ గీత వైపే చాలాసేపు చూసింది. "ఇంతకీ ఈమె చెప్పేదేమిటి? వినిపించు," అంది.

ఫోనుతో చేసిన పాత పాఠాలు ఇంకా నెట్‌లో ఉన్నాయి. ఒకటి పెట్టాను. మార్తమ్మ తెలుగులో చెబుతోంది, నేను వాక్యం వాక్యం అరబ్బీలో చెప్పాను. "ఇయ్యాల్టి మాట 'దీరి బాలిచ్'. మామా ఇలా అరిచిందంటే తిట్టిందనుకుని ఏడవకండమ్మా. చెయ్యి కాల్తాది, జాగ్రత్త అంటంది. మా మామా నేనొచ్చిన కొత్తలో నూనె దగ్గర ఇలాగే అరిచింది. నేను బెదిరిపోయి బాత్రూంలో కూర్చుని ఏడ్చాను. తర్వాత తెలిసింది, నా చెయ్యి కాలకుండా చూసిందని."

మామా చేతిసంచి పట్టీ వేలికి చుట్టుకుంది, విప్పింది. ఆవిడ చెడ్డ మనిషని నేను అనను. చెల్లెలు ఆవిడతో మాట మానేసింది. ఇంటి గుట్టు వీధిన పడింది. ఆ కోపం న్యాయమే.

"పోలీసులు వద్దు," అంది చివరికి. "నువ్వు దొంగవి కావని తెలిసింది. ఇంట్లోనే ఉండు. కానీ రికార్డింగులు ఖలాస్. నా ఇంట్లో కాదు, బయట కాదు, ఇంకెప్పుడూ కాదు. మాటివ్వు."

మార్తమ్మ బైబిలు లేకుండానే గుండె మీద చెయ్యి వేసుకుని మాటిచ్చింది. ఉద్యోగం నిలబడింది, ఇఖామా నిలబడింది. నేను గెలిచాననుకున్నాను, ఒక్క నిమిషం.

మామా కారు తీయడానికి బయటికి వెళ్లింది. మార్తమ్మ ల్యాప్‌టాప్ వైరు చుట్టుకుంటూ ఆగింది.

"అక్కా, నెలకు రెండు శుక్రవారాలు సెలవుంటాది కదా. షాపు ఎనక గదిలో కూర్చో. మంచి మైకు నేను పెడతా. ఎవురికీ తెలీదు," అన్నాను.

"దేవుడికి తెలీదా తమ్ముడూ? మాటిచ్చేశాను." వైరు సంచిలో పెట్టుకుంది. "శుక్రవారం ఆసుపత్రి మాటలు చెప్తానన్నాను. నొప్పి ఎక్కడో డాక్టరుకి ఎలా చెప్పాలో. 'రాసీ యఅవ్వర్ని', తల నొప్పెడతంది. పొట్ట, నడుము, అన్నీ రాసి పెట్టుకున్నాను. చాలామంది అడిగారు. ఎదురుచూత్తా ఉంటారు."

ఆవిడే మళ్లీ అంది.

"ఒకటడగనా? ఆ రోజు ఆయన చెవికి పెట్టి వినిపిస్తంటే నువ్వు తల దించేసుకున్నావు. ఏదో తేడా ఉందని నాకప్పుడే అనిపించింది. అడిగితే బాగోదని ఊరుకున్నాను. నీకు తెలుసు కదా తమ్ముడూ?"

"తెలుసక్కా."

ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. "సర్లే. అడగాల్సింది నేనే," అంది. బయట కారు హారన్ మోగింది. వెళ్లిపోయింది.

తిరిగి చూస్తే సుధాకర్ స్పిరిటులో ముంచిన గుడ్డ తెచ్చుకుని, వాళ్లు కౌంటరు మీదే వదిలేసిన మైకు మీది ఎర్ర చుక్క తుడవబోతున్నాడు. "బయటపడ్డాం పో. డబ్బాలో పెట్టు, ఇంకొకరికి ఇద్దాం," అన్నాడు. ఆ గుడ్డ వాడి చేతిలోంచి లాగి విసిరికొట్టాను. "ఆ చుక్క మీద చెయ్యేస్తే ఇప్పుడే పోయి ముదీర్‌కు అంతా చెప్తా. నా ఇఖామా పోతే పోనీ," అన్నాను. ముదీర్ అంటే షాపు నడిపే పెద్దాయన. సుధాకర్ నోరు మూసుకున్నాడు. ఆ ఒక్క మాట నెల కిందట అని ఉంటే సరిపోయేది. ఎంత తేలిగ్గా వచ్చిందో చూడండి, అక్కర తీరిపోయాక.

ఆ మైకు ఇంకెవరికీ అమ్మనివ్వలేదు. తర్వాత నేను అక్కడున్న నాలుగేళ్లూ కౌంటరు మీదే ఉంది, ఎర్ర చుక్కతో. మైకు అడిగిన ప్రతి మనిషికీ దాన్ని చేతికిచ్చి, మాట్లాడమనేవాణ్ని. పదిమందిలో ఎనిమిది మంది తలలోకే మాట్లాడేవాళ్లు. పొట్ట ఎటుందో చూపించి, నోటికి దానికి జానెడు దూరం ఉంచమని, గెయిన్ సగం దాటనివ్వద్దని చెప్పేవాణ్ని. రికార్డు చేసినది హెడ్‌ఫోన్‌తో మొదటినుంచి చివరిదాకా వినకుండా బయట పెట్టొద్దని చెప్పేవాణ్ని. "మీ గదికి ఇది పనికిరాదు, తీసుకోవద్దు," అని సుధాకర్ వింటుండగానే అనేవాణ్ని. కొందరు వేరే షాపుకు పోయేవాళ్లు. పోనీ.

ఈ కేసు నాకు నేర్పింది ఇంతే. తెలిసినవాడు ఊరుకోవడం మర్యాద కాదు, తప్పులో భాగం. సుధాకర్‌కు మైకుల గురించి ఏమీ తెలియదు. ఆ షాపులో తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. ఇన్నేళ్లూ వాడి మీద పళ్లు నూరుతూ వచ్చాను గానీ, ఆ ట్రైపాడ్లు సర్దడానికి పోయింది నా కాళ్లే.

మార్తమ్మ ఆసుపత్రి మాటలు చెప్తానన్న ఆ శుక్రవారం నాకు సెలవు. పొద్దున్నే ఫోనులో మార్తమ్మ పేజీ తెరిచాను. పాఠాలు ముప్పై తొమ్మిది అని ఉంది. కింద ఎవరో తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసి పెట్టారు: అక్కా, ఆసుపత్రి మాటలు ఈ రోజే కదా? మధ్యాహ్నం దాకా చూశాను. ముప్పై తొమ్మిదే ఉంది. సాయంత్రానికి ఆ మనిషే మళ్లీ రాసింది: అక్కా, రేపు నన్ను ఆసుపత్రికి తీసుకెళ్తున్నారు, నడుము నొప్పి అని ఎలా చెప్పాలి?